బోలు కాని గోడ

నా దగ్గర పని నేర్చుకున్న వాళ్లందరికీ ఒక గోడ కథ తెలుసు. మొదటి రోజు క్లాసులోనే చెప్పేవాణ్ణి. పైకి గొప్పగా కనిపిస్తూ లోపల బోలుగా ఉన్న ఒక మట్టి గోడని ఎలా పట్టుకున్నానో, అది ఎవరి మీదా ఊడిపడకముందే ఎలా తీయించానో ఆ కథ. ఎనిమిదేళ్లు చెప్పాను. ఆ కథలో గోడ నిజం. దాన్ని చేసినావిడ నిజం. నేను కొట్టి చూడటం నిజం. బోలు మాత్రం అబద్ధం.

నా దగ్గరే పని నేర్చుకున్న మా స్రవంతి ఇప్పుడు కోకాపేటలో ఒక టవరు పని చూస్తోంది. కొత్తగా వచ్చే పిల్లలకి పనికొచ్చేలా నాలుగు అనుభవాలు రాయమని అడిగింది. ఏ ఏడు ఏ హోదాలో ఉన్నానన్నది ఎవరికీ అక్కర్లేదు. ఆ ఒక్క గోడ గురించి సరిగ్గా రాస్తే మిగిలినవి రాయకపోయినా ఫరవాలేదనిపించింది.

చెవితో చేసే ఉద్యోగం

ఐటీ టవరు కట్టడం పూర్తయ్యాక, కంపెనీ వాళ్లు కుర్చీలేసుకుని కూర్చోకముందు, ఒక మనిషి అంతస్తు అంతస్తూ తిరిగి లోపాలు వెతుకుతాడు. తలుపు నేలకి రాసుకుంటోందా, ఏసీ నీళ్లు కారుతున్నాయా, గోడ రంగు ఒకచోట మందంగా ఒకచోట పలచగా ఉందా. ఆ జాబితాని స్నాగ్ లిస్ట్ అంటారు. లోపం ఉన్నచోట నంబరు రాసిన ఎర్ర స్టిక్కరు అంటిస్తాం. కాంట్రాక్టరు సరిచేశాక స్టిక్కరు పీకేస్తాం. మాదాపూర్ నుంచి కోకాపేట దాకా ఇరవై ఎనిమిదేళ్లు నేను చేసింది ఇదే. మా ఆవిడ కల్యాణి కూకట్‌పల్లిలో తెలుగు టీచరు. ఆవిడ మాటల్లో చెప్పాలంటే ఇద్దరిదీ ఒకటే పని, ఎర్ర సిరాతో తప్పులు దిద్దడం.

మా పనిముట్లు పెద్దగా ఏమీ ఉండవు. ఒక టార్చి. దాన్ని గోడకి ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే, ఎదురుగా చూస్తే కనపడని గుంటలన్నీ నీడలై పైకి లేస్తాయి. ఇంకొకటి, చివర గోళీ అంత ఉక్కు గుండు ఉన్న కడ్డీ. దాంతో టైల్సునీ ప్లాస్టరునీ మెల్లిగా తడుతూ పోవాలి. గట్టిగా అతుక్కున్నచోట శబ్దం పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. లోపల అతుకు విడిపోయినచోట కొంచెం సాగుతుంది, ఖాళీ డబ్బా మీద వేలితో కొట్టినట్టు. దాన్నే బోలు అంటాం.

నాకు పని నేర్పింది భీమవరం వైపు నుంచి వచ్చిన సుబ్బరాజు గారు. మొదటి వారం నన్ను కళ్లు మూసుకుని నేల మీద కూర్చుని టైల్సు కొట్టమన్నారు. నడుము పడిపోయింది. ఎందుకు సార్ కళ్లు మూసుకోవడం అని అడిగితే, "ఏవయ్యా, కళ్లు తెరిస్తే నీకు క్లయింటు కనిపిస్తాడు, కాంట్రాక్టరు కనిపిస్తాడు, నేను కనిపిస్తాను. చెవికి వీళ్లెవరూ కనిపించరు. దాని మాటే రాయి," అన్నారు.

రెండేళ్లు తిరక్కుండానే ఒక తప్పు చేశాను. మాదాపూర్‌లో ఒక టవరు పదో అంతస్తులో లిఫ్టుల ముందు గోడకి రాతి పలకలు తాపడం చేశారు. కాళ్లు నొప్పులని నేను కింద నాలుగు వరసలు కొట్టి పైవి వదిలేశాను. వారం రోజుల్లో పైనుంచి ఒక పలక ఊడి పడింది. టీ టైము కాబట్టి కింద ఎవరూ లేరు. సుబ్బరాజు గారు తిట్టలేదు. రిపోర్టులో 'పై వరసలు నేను చూడలేదు' అని నా చేతే రాయించి, కింద నా పేరు పెట్టించారు. ఆ కాగితం చాలా రోజులు నన్ను కుట్టింది. ఇప్పుడు ఆలోచిస్తే ఈ ఉద్యోగంలో నేను రాసిన అన్నిటికంటే మంచి వాక్యం అదే.

గుండు ఉన్న చోటు

పదకొండేళ్ల కిందట నానక్‌రామ్‌గూడ వైపు ఒక టవరు చివరి దశలో ఉంది. కింద రిసెప్షను వెనక నలభై అడుగుల గోడ. దాని మీద ఒక కళాకారిణి చేత పని చేయించాలని ఆర్కిటెక్టు ముందే ఒప్పించాడు. ఆవిడ పేరు మంజుల. శేరిలింగంపల్లి వాళ్లే. ఫైన్ ఆర్ట్స్ చదివారు. వాళ్ల నాన్న ఎల్లయ్య గారు రాళ్లు కొట్టే పనిచేసేవారు. ఆ టవరు లేచిన చోట ఒకప్పుడు ఇల్లంత రాతి గుండు ఉండేది. కాంట్రాక్టరు తరఫున ఆ గుండుని పగలగొట్టిన మనుషుల్లో ఎల్లయ్య గారు ఒకరు.

మంజుల గారు చేసిన పని ఇప్పుడు చెబితే నాకే ఆశ్చర్యంగా ఉంటుంది. టవరు పునాది కోసం తవ్విన మట్టినే తెప్పించారు. సున్నం, తరిగిన వరిగడ్డి, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలిపి తొక్కించారు. ఎల్లయ్య గారు గోడ ముందు నిలబడి, ఆ గుండు మీద గీతలు ఎటునుంచి ఎటు పోయేవో గుర్తు చేసుకుని బొగ్గుతో గీసేవారు. గీత ఉన్నచోట మట్టి పలచగా, లేనిచోట మందంగా పూసేవారు. ఎండుతుంటే పలచటి చోట పగులు వచ్చేది. పగలగొట్టేసిన గుండుని, అది ఉన్నచోటే, పగుళ్లతో మళ్లీ నిలబెట్టారన్నమాట.

ఇదంతా ఆవిడ రాసిచ్చిన కాగితంలో ఉంది. నేను చదవలేదు. నాకు గోడ మీద పగుళ్లు కనిపించాయి. పగులంటే స్నాగు. స్టిక్కరు నంబరు ఒకటి నుంచి మొదలుపెట్టాను.

మంజుల గారు పక్కకొచ్చి, "సార్, పగులు రావడమే ఇక్కడ పని. ఎక్కడ రావాలో అక్కడే వచ్చింది," అన్నారు.

"పగుళ్లే కావాలంటే ముందే చెప్పాల్సింది మేడమ్. మా కాంట్రాక్టరు ప్రతి అంతస్తులోనూ ఉచితంగా ఇస్తున్నాడు," అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నవ్వలేదు. అరవై మూడు స్టిక్కర్లు అంటించాను.

అంతటితో ఆగితే అది తెలివితక్కువతనం కిందికి వచ్చేది. ఆ సాయంత్రం క్లయింటు తరఫు పెద్దాయన నన్ను పిలిచారు. వచ్చే వారం కంపెనీ అధినేత విదేశం నుంచి వస్తున్నాడు. ఈ పగుళ్లు చూసి నన్ను అడిగితే ఏం చెప్పను, కళ అంటే వింటాడా అని ఆయన బాధ. తీసేద్దామంటే ఆర్కిటెక్టు ఊరుకోడు. పగులు అందం కోసమని రాతకోతలు ఉన్నాయి. "ఏదో ఒక టెక్నికల్ కారణం ఉంటే తప్ప," అని ఆగి నా వైపు చూశారు. ఇంకేమీ అనలేదు. నేనే అర్థం చేసుకున్నాను. అది కూడా రాయాలి. ఎవరూ నన్ను అబద్ధం రాయమనలేదు.

మర్నాడు పొద్దున కడ్డీ పట్టుకుని గోడ దగ్గరికి వెళ్లాను. ఎల్లయ్య గారు అక్కడే నేల ఊడుస్తున్నారు. నిచ్చెనెక్కి పైనుంచి మొదలుపెట్టి గంటన్నర కొట్టాను. ప్రతి అడుగూ కొట్టాను. శబ్దం పొట్టిగా, మొద్దుగా, ఒక్కలాగే వచ్చింది. అంత బాగా పట్టుకున్న పూత అంతకుముందు నేను చూడలేదు. తర్వాతా చూడలేదు. ఎల్లయ్య గారు చీపురు పక్కన పెట్టి తల వంచి వింటున్నారు. రాతి మీద సుత్తి వేసి, ఎక్కడ చీలుతుందో శబ్దాన్నిబట్టి చెప్పగల మనిషి ఆయన. ఆ గోడ ముందు ఆ పూట విన్న మనుషులం ఇద్దరమే.

కిందికి దిగి కాగితం మీద రాసుకుంటుంటే, "బోలు లేదు సారూ," అన్నారు.

నేను రాస్తూనే ఉన్నాను.

"మీరు గూడ ఇన్నరు."

తలెత్తలేదు. ఆయన దగ్గరికొచ్చి, "ఏం రాసిన్రు సారూ?" అని అడిగారు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంది.

"విన్నదే రాశాను," అన్నాను.

రాసింది ఇది: చాలాచోట్ల బోలు శబ్దం, ఊడిపడే ప్రమాదం, వెంటనే తొలగించాలి. ప్రమాదం అన్న మాట ఉంటే ఆర్కిటెక్టు కూడా నోరెత్తడు. ఎత్తలేదు.

మధ్యాహ్నం పగలగొట్టడానికి మేస్త్రీ బాలరాజు మనుషులతో వచ్చాడు. బోలుగా ఉన్న పూత ఉలి పెడితే పెళ్లలుగా రాలుతుంది. అరగంట తర్వాత బాలరాజు నా దగ్గరికొచ్చి, "బోలన్నరు గద సార్. ఇది ఊడుతలేదు. మిషన్ తెప్పియ్యాలె," అన్నాడు. తెప్పించాను. పొద్దుగూకేదాకా పట్టింది. మంజుల గారు గేటు బయట నిలబడి ఉన్నారు. లోపలికి రానివ్వొద్దని సెక్యూరిటీకి చెప్పింది కూడా నేనే. ప్రమాదం కదా.

క్లాసులో చెప్పిన కథ

ఆ గోడ స్థానంలో తెల్ల రంగు గోడ వచ్చింది. దాని మీద స్టీలు అక్షరాల్లో కంపెనీ పేరు. అధినేత వచ్చి, లోపలికి నడుస్తూ, దాని వైపు చూడను కూడా చూడలేదు.

కథ ఎలా మొదలైందో చెబుతాను. ఎవరో జూనియరు, ఆ మట్టి గోడ ఏమైంది సార్ అని అడిగాడు. బోలు వచ్చింది, తీసేశాం అన్నాను. ఇంకొకరు అడిగితే ఇంకొంచెం కలిపాను. తర్వాత క్లాసుల్లో చెప్పడం మొదలుపెట్టాక దానికి ఆదీ అంతమూ వచ్చాయి. 'అందం కంటికి, నిజం చెవికి' అని చివర అనేవాణ్ణి. పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకునేవాళ్లు. బంధువుల ఇళ్లల్లో భోజనాల దగ్గర కల్యాణి కూడా గర్వంగా చెప్పేది, మా ఆయన చెవి అంటే ఏమనుకున్నారు అని.

ఈ ఐటీ కారిడారులో ఇంటీరియర్స్ చేసేవాళ్లందరూ ఒకరికొకరు తెలుసు. మంజుల గారి పేరు ఎక్కడ వచ్చినా 'ఆవిడ గోడ బోలు వచ్చింది' అనే మాట ముందు నడిచేది. ఒకసారి నా ముందే వచ్చింది. రాయదుర్గంలో ఒక లాబీకి ఆవిడ నమూనా పంపారు. మీకు తెలుసు కదా అని నన్ను అడిగారు. మీ ఇష్టం అన్నాను. ఆ రెండు మాటలతో ఆవిడకి ఆ పని పోయింది. తర్వాత చాలా ఏళ్లు ఒక స్కూల్లో డ్రాయింగు టీచరుగా చేశారని విన్నాను.

షార్జాలో రెండు రోజులు

రెండేళ్ల కిందట కోకాపేట టవరుకి అద్దాలు షార్జాలో తయారయ్యాయి. ఓడ ఎక్కించేముందు ఫ్యాక్టరీలో చూసి రమ్మన్నారు. కల్యాణికి స్కూలు సెలవులు, తనూ వస్తానంది. బయల్దేరే ముందు స్రవంతి నాకొక ఫోటో పంపింది. 'షార్జాలో రెండేళ్లకోసారి జరిగే కళా ప్రదర్శనలో మన హైదరాబాద్ ఆవిడ. మీ బోలు గోడ ఆర్టిస్టు ఈవిడే కదా సార్?' చివర ఒక నవ్వు బొమ్మ. నేను జవాబివ్వలేదు, కల్యాణికి చెప్పలేదు. అద్దాలు చూడటం ఒక్కరోజులో అయిపోయింది. ఇంకో రెండు రోజులు ఉన్నాయి. "ఏదో బొమ్మల ప్రదర్శనట, చూద్దామా?" అన్నాను మామూలుగా. "టికెట్ లేదంటున్నారు కదండీ, చూస్తే పోయేదేముంది," అంది.

అంతకుముందు నేనెప్పుడూ ఒక కళా ప్రదర్శనకి వెళ్లలేదు. అక్కడ చూసినవి చూస్తుంటే ఇన్నేళ్లు ఏ కళ్లతో తిరిగానా అనిపించింది. ప్రదర్శన ఒక పెద్ద హాల్లో ఉంటుందనుకున్నాను. ఊరంతా ఉంది. పాత ఇళ్లల్లో, మూతబడ్డ బడిలో, సముద్రం ఒడ్డున. ఆ పాత ఇళ్ల గోడలు సముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టినవి, జల్లెడలా చిల్లులు. కూలిపోబోతే మళ్లీ బాగుచేశారు. ఎంత బాగా చేశారంటే, కొత్త పూతని పాతదానికంటే వేలెడు లోపలికి ఆపారు. ఏది పాతదో ఏది తర్వాత దిద్దిందో ఎవరైనా చూడగానే తెలియాలని. మా దగ్గర అతుకు కనిపిస్తే స్టిక్కరు పడుతుంది. అక్కడ అతుకుని దాచకపోవడమే పద్ధతి. ఆ గీత మీద వేలు ఆనించి చాలాసేపు నిలబడ్డాను.

మూతబడ్డ బడిలో ఒక తరగతి గదిలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒకావిడ పని ఉంది. ఆ భవనంలో ఏసీల నుంచి కారే నీళ్లన్నీ గొట్టాల్లో ఆ గదికి మళ్లించి, చుక్కచుక్కగా రాగి గిన్నెల మీద పడేలా పెట్టారు. ఒక్కో గిన్నెకి ఒక్కో స్వరం. బయట ఎండ ముదిరేకొద్దీ ఏసీలు ఎక్కువ పనిచేసి పాట వేగం పెరుగుతుందట. నేను ఇరవై ఎనిమిదేళ్లుగా ఏసీ నీళ్లు కారుతున్నాయని స్టిక్కర్లు అంటించిన మనిషిని. పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద కూర్చుని అరగంట విన్నాను. "మీకు ఇలాంటివి నచ్చుతాయని ఇరవై ఆరేళ్లలో ఒక్కసారీ చెప్పలేదేం?" అంది కల్యాణి. నాకే తెలియదన్నాను.

ఒక పాత ఇంటి వెనక గదిలో, దూరం నుంచే, మట్టి వాసన వచ్చింది. కరక్కాయ వాసన కూడా. నేను ఆగాను. కల్యాణి ముందు నడిచింది.

గోడ. నానక్‌రామ్‌గూడ దానిలో సగం ఉంటుంది. అవే పగుళ్లు, అవే మలుపులు. పక్కన తాడుకి వేలాడుతూ ఒక చిన్న చెక్క సుత్తి. కింద బల్ల మీద ఎర్ర స్టిక్కర్ల కట్ట. తలుపు పక్కన అరబిక్‌లో, ఇంగ్లీషులో వివరం. పైన పేరు మాత్రం తెలుగు అక్షరాల్లో ఉంది: 'మీరు గూడ ఇన్నరు'.

తెలుగు చూసేసరికి కల్యాణి మొహం వెలిగిపోయింది. వెంటనే టీచరు బయటికొచ్చింది. "విన్నారు కదండీ ఉండాల్సింది? పరాయి దేశంలో తప్పు రాశారే."

మూలన నీలం చొక్కా వేసుకున్న కాపలా మనిషి నవ్వాడు. "తప్పు కాదమ్మా. మేం గట్లనే అంటం," అన్నాడు. పేరు గంగాధర్, జగిత్యాల. గల్ఫ్‌కి వచ్చి పద్నాలుగేళ్లయిందట. ప్రదర్శన ఉన్నన్నాళ్లు ఈ గది అతనిదే. అన్ని గదుల్లో ముట్టుకోవద్దని చెప్పడం డ్యూటీ, ఈ గోడని మాత్రం కొట్టమని చెప్పడం డ్యూటీ అన్నాడు. ఎక్కడైనా బోలు వినిపిస్తే అక్కడ స్టిక్కరు అంటించాలి. ఎంతోమంది కొట్టిచూశారట, ఒక్కరూ అంటించలేదట. "ఒక చిన్నపాప మాత్రం నా కడుపు మీద కొట్టి ఈడ బోలుందని అంటించింది సార్," అని జేబు కింద చూపించాడు. అది ఇంకా అక్కడే ఉంది.

కల్యాణి ఇంగ్లీషు వివరం చదువుతోంది. నేను అప్పటికే చదివాను. నా పేరు లేదు. టవరు పేరు, కంపెనీ పేరు లేవు. మా ఊళ్లో ఒక ఆఫీసులో ఇలాంటి గోడే చేశామని, ఒక ఇంజనీరు కొట్టి విని బోలు అని రాశారని, మా నాన్న ఆయనతో అన్న మాటే దీని పేరు అని ఉంది. రాళ్ల మిషన్ల దగ్గర పనిచేసి ఇప్పుడు నాన్నకి చెవులు వినబడవని చివరి వాక్యం. ఒక్క నింద లేదు. అంత నిబ్బరంగా రాసిన మాటలు చదవడం కష్టం.

"గా ఇంజనీరుకు చెవులు లేకుండెనా సార్?" అన్నాడు గంగాధర్, మాట కలుపుతూ.

"ఉన్నాయి. బాగానే పనిచేశాయి," అన్నాను.

కల్యాణి నా వైపు తిరిగింది. "ఇది మీ బోలు గోడే కదండీ?"

అవునన్నాను.

"బోలేనా?"

"కాదు."

ఆవిడ సుత్తి తీసుకుని గోడని మెల్లిగా మూడుసార్లు కొట్టింది. పొట్టిగా, మొద్దుగా మూడు శబ్దాలు. సుత్తిని ఎలా ఉందో అలా వేలాడదీసి బయటికి నడిచింది. టాక్సీలో, "నేనొక్క ఒత్తు తప్పు చెబితే మర్నాడు క్లాసుకెళ్లి దిద్దుతానండీ," అంది. అంతే.

మర్నాడు దుబాయ్‌లో పాత గోదాముల వీధికి వెళ్లాం. గోదాములన్నీ ఇప్పుడు చిన్న చిన్న గ్యాలరీలు. నాకు బొమ్మలకంటే వాటి వెనక గోడలు నచ్చాయి. అలవాటుకొద్దీ ఫోను టార్చి వెలిగించి గోడకి ఆనించాను. ఒక్క గుంట లేదు. వెనకనుంచి ఎవరో నవ్వారు. బొమ్మలు వేలాడదీసే మనిషి, కేరళ ఆయన. ప్రదర్శన మారినప్పుడల్లా మేకుల చిల్లులు పూడ్చి, రుద్ది, మళ్లీ రంగు వేస్తానన్నారు. తర్వాత ఒక నోటు పుస్తకం చూపించారు. ఒక్కో గోడకి ఒక్కో పేజీ. ఎక్కడ మేకు దిగింది, ఎక్కడ పూడ్చాను, ఏ రోజు. ఒకచోట 'కొలత నేనే తప్పాను, రెండుసార్లు కొట్టాను' అని రాసి ఉంది. రంగు వేశాక ఎవరికీ కనపడని తప్పు రాసుకోవడం ఎందుకని అడిగాను. నా తర్వాత ఈ గోడకి మేకు కొట్టేవాడికి తెలియాలి కదా అన్నారు.

ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. యాభై నాలుగేళ్లకే ఎందుకని చాలామంది అడిగారు. మోకాళ్లు అన్నాను. అదీ ఇక్కడే దిద్దుతున్నాను. మోకాళ్లు కాదు.

శేరిలింగంపల్లి షెడ్డు

మానేశాక కూడా మంజుల గారి దగ్గరికి వెళ్లడానికి ఏడాదిన్నర పట్టింది. ఆవిడ ఫోను నంబరు స్రవంతి సంపాదించి ఇచ్చింది. మొదట తనకి అంతా చెప్పాను. "సార్, ఆ కథ నేను కూడా నా టీముకి చెప్పాను," అంది.

మంజుల గారి షెడ్డు స్టేషన్ వెనక సందులో. రేకుల కప్పు, లోపల మట్టి కుప్పలు, నిలబెట్టిన పలకలు. ఆవిడ నన్ను గుర్తుపట్టారు. కూర్చోమనలేదు. చెప్పాలనుకున్నదంతా నిలబడే చెప్పాను.

"మీరు అప్పుడు రాసింది అందరూ చదివారు సార్," అన్నారు. "ఇప్పుడు చెప్పేది నేనొక్కదాన్నే వింటున్న. నాన్నకైతే అదీ లేదు."

అందుకే కాగితం తెచ్చానన్నాను. స్నాగ్ లిస్ట్ నమూనా మీదే, తెలుగులో, పెద్ద అక్షరాలతో రాశాను. 'ఆ గోడ ఎక్కడా బోలు కాదు. కొట్టి విన్నాను. విన్నది కాకుండా వేరే రాశాను. మీరు అడిగితే అబద్ధం చెప్పాను.' కింద సంతకం. ఎల్లయ్య గారు షెడ్డు చివర నులక మంచం మీద కూర్చుని ఉన్నారు. మనిషి సగమయ్యారు. కాగితం వెలుగుకి పట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివారు. చదవడం అయ్యాక నాకే తిరిగి ఇచ్చేశారు.

"గిది నాకెందుకు? నాకు ఎర్కనే గద," అన్నారు. "నీ దగ్గర సదువుకున్నోళ్లకియ్యి."

అందుకే ఇది రాస్తున్నాను. ఆ క్లాసుల్లో కూర్చున్నవాళ్లు, వాళ్ల దగ్గర మళ్లీ విన్నవాళ్లు నోటు పుస్తకంలో ఆ పేజీ కొట్టేయండి. కొత్తగా వచ్చేవాళ్లకి ఒక్కటే చెబుతాను. ఈ పనిలో తప్పులు జరుగుతాయి. నడుము నొప్పికో, తొందరకో పై వరసలు వదిలేస్తారు. దానికి మందుంది, రాసి సంతకం పెట్టడం. విన్నాక వేరేది రాస్తే మాత్రం, ఆ కాగితం మీకంటే ఎక్కువకాలం తిరుగుతుంది, మీరు వెళ్లలేని గదుల్లోకి కూడా వెళ్తుంది.

ఆ రోజు నేను బయల్దేరబోతే ఎల్లయ్య గారు నా సంచీ వైపు చూపించారు. కడ్డీ చివర బయటికి కనిపిస్తోంది. మానేసినా దాన్ని ఇంట్లో వదల్లేకపోయాను. కొత్త ప్రదర్శన కోసం మంజుల గారు పూసిన ఒక పలక గోడకి ఆనించి ఉంది, తలుపంత. ఆయన మెల్లిగా లేచి దాని పక్కన కూర్చుని, కింది అంచు మీద అరచేయి పెట్టారు.

"నాకు ఇనబడది. నువ్వు కొట్టి చెప్పు."

పైనుంచి మొదలుపెట్టాను. పొట్టిగా, మొద్దుగా, ఒక్కలాగే. మధ్యలోనూ అంతే. కింద ఎడమ మూలకి వచ్చేసరికి శబ్దం కొంచెం సాగింది. మళ్లీ కొట్టాను. మళ్లీ సాగింది. మంజుల గారు దూరంగా బక్కెట్లో చేతులు కడుక్కుంటున్నారు. స్టేషన్‌లో రైలు ఆగుతున్న చప్పుడు. ఆవిడకి వినపడి ఉండదు. నా చేతిలో, ఆ గోడ ఎక్కడా బోలు కాదని రాసిన కాగితం ఇంకా ఉంది. ఈవిడ పలక బాగుందని చెప్పి వెళ్లిపోవాలని ఎంత అనిపించిందో చెప్పలేను. అప్పుడు లేని బోలు రాశాను, ఇప్పుడు ఉన్నది మింగేస్తే చెల్లుకు చెల్లు అన్నట్టుగా నోరు సిద్ధంగా ఉంది.

"మంజుల గారూ, కింద ఎడమ మూల, రెండు చేతుల వెడల్పు. బోలు," అన్నాను.

ఆవిడ తడి చేతులతోనే వచ్చి మోకాళ్ల మీద కూర్చుని వేలి కణుపుతో కొట్టారు. నా మొహం వైపు చూశారు. ఇంకోసారి కొట్టారు. "అవును," అని తాపీ తీసుకుని అంచులో దూర్చారు. పెళ్ల ఒక్క ముక్కగా ఊడి నేల మీద పడింది. బోలు ఉన్నచోట అంత సులభంగానే ఊడుతుంది. ఆవిడ కొత్త మట్టి కలపడానికి లేచారు.

ఎల్లయ్య గారి అరచేయి ఇంకా ఆ కింది అంచు మీదే ఉంది. కడ్డీ తాకినప్పుడే ఆయనకి చేతిలో తెలిసిపోయి ఉంటుంది. ఊడిన పెళ్లని చూశారు, నన్ను చూశారు. ఈసారి సారూ అనలేదు.

"గిప్పుడు ఇన్నవ్," అన్నారు.